మా అమ్మ బుట్టలో పులస మీద నేనేసిన జోకు

స్టాండప్ కామెడీ నుంచి రిటైరయ్యేనాటికి నా వయసు ఇరవై ఎనిమిది. ఈ వృత్తిలో పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, శాలువా కప్పి వీడ్కోలు సభ పెట్టే ఆఫీసూ లేదు. మానేసిన నెలకి ఒకాయన ఫోన్ చేసి "మీరింకా షోలు చేస్తున్నారాండీ?" అని అడిగాడు. "లేదండీ, మానేశాను" అన్నాను. "మంచి పని చేశారు" అని పెట్టేశాడు. నా కెరీర్‌కి జరిగిన సన్మానం అదొక్కటే.

ఈ మధ్య రాజమండ్రిలో ఒక కాఫీ హోటల్ మేడ మీద కుర్రకారు కొంతమంది కలిసి వారం వారం మైకు పెట్టుకుంటున్నారు. మొన్న నన్ను పెద్దమనిషిగా పిలిచారు. ముప్పై ఒకటో ఏటే పెద్దమనిషినైపోయానన్న దిగులులో నేనుండగా ఒక అమ్మాయి లేచి, "అన్నయ్యగారూ, మీ చేప వీడియో అంతలా ఎలా పాకిందండీ?" అని అడిగింది. లైటింగ్ అనీ టైమింగ్ అనీ ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. అందుకే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఇందులో మీకు పనికొచ్చే టెక్నిక్ ఒక్కటి కూడా లేదు, ముందే చెబుతున్నాను.

మాది ధవళేశ్వరం. మేం చేపల వాళ్ళం. నాన్న గోదాట్లో వల వేస్తాడు, అమ్మ ఆనకట్ట దగ్గర రోడ్డు పక్కన బుట్టలు పెట్టుకుని అమ్ముతుంది. నాన్న రోజుకి పట్టుమని పది మాటలు మాట్లాడడు. మా ఇంట్లో మాటల శాఖ మొత్తం అమ్మదే. కొనడానికొచ్చిన పెద్దమనిషి "ఏంటమ్మా, చేప చిన్నగా ఉంది?" అంటే, "దీని వయసుకి ఇది పెద్దదేనండి. ఆ వయసులో తవరెంతున్నారేంటి?" అనేది. ఇంకొకాయన ముక్కు మూసుకుని "వాసనొస్తోందే!" అంటే, "అదీ మిమ్మల్ని చూసి అదే అనుకుంటందండి" అనేది. వాళ్ళు నవ్వుకుంటూ కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. నాకు హాస్యం ఎక్కడ అబ్బిందని ఇంటర్వ్యూల్లో అడిగితే ప్రపంచ ప్రఖ్యాత కమెడియన్ల పేర్లు చెప్పేవాడిని. బుట్టల పక్కన గోనెపట్టా మీద కూర్చుని హోంవర్కు చేసుకున్న పదేళ్ళ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అమ్మకి రెండు బుట్టలుండేవి. అవెందుకో తెలియాలంటే పులస సంగతి ఒక్క ముక్క చెప్పాలి. సముద్రంలో ఇలస అనే చేప ఉంటుంది. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు అది వరదకి ఎదురీదుకుంటూ మా ఆనకట్ట దాకా వస్తుంది. ఆ ఈతలో దాని ఒళ్ళూ రుచీ మారిపోయి పులస అవుతుంది. దానికోసం మా జిల్లాల వాళ్ళు ఏడాదంతా కాచుకుని కూర్చుంటారు. వలలో పడేది ఏ నాలుగు రోజులకో ఒకటి. ఈలోగా ఎక్కడి నుంచో ఐసు పెట్టెల్లో లారీల మీద సముద్రపు ఇలస దిగుతుంది. రెండూ చూడ్డానికి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. ఇలసని పులస అని చెప్పి అంటగట్టేవాళ్ళు ఉంటారు, మోసపోయేవాళ్ళూ ఉంటారు. లారీలో వచ్చిందా, ఇప్పుడే వలలోంచి తీసిందా అని పోల్చుకోవడానికి కొనేవాళ్ళు మొప్ప ఎత్తి చూస్తారు. లోపల ఎర్రగా ఉంటే తాజాది, పాలిపోయి ఉంటే ఐసు మీద ప్రయాణం చేసి వచ్చింది.

అమ్మ కుడివైపు బుట్టలో ఇలస, ఎడమ బుట్టలో పులస. పులస పడని రోజు ఎడమ బుట్ట బోర్లించి ఉంటుంది. అంతే, అడగక్కర్లేదు. సీజన్లో సగానికి పైగా రోజులు అది బోర్లించే ఉండేది. ఎవరెంత బతిమాలినా, పక్కన కూర్చునే పిన్ని ఎంత నవ్వినా సరే. ఆ పిన్నిది ఒకటే బుట్ట, అందులో చేపకి అడిగినవాళ్ళని బట్టి పేరు మారేది. అమ్మ దగ్గర మాత్రం ఎడమ బుట్టలో చేపని ఎవరూ మొప్ప ఎత్తి చూడరు. "పడిందామ్మా?" అని ఫోన్లో అడుగుతారు, "పడిందండి" అంటే సంచీ పట్టుకుని వస్తారు. ఫోన్లు రాకముందు మనిషిని పంపి అడిగేవాళ్ళు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అదే పద్ధతి.

ఇక నా ఘనకార్యం సంగతి. ఇంజనీరింగ్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో చేరాను. వేరేవాళ్ళ తప్పులు పట్టుకునే పని. ఏడాది తిరిగేసరికి వాళ్ళు నా తప్పులు పట్టుకోవడం మొదలెట్టారు. ఆ దిగులులో ఒక సాయంత్రం ఓపెన్ మైక్‌కి వెళ్ళి నాలుగు నిమిషాలు మాట్లాడాను. ఒకే ఒక్కాయన నవ్వాడు. ఆయన ఫోన్లో ఇంకేదో చూస్తున్నాడని తర్వాత తెలిసింది. అయినా ఆ ఒక్క నవ్వు నాకు తలకెక్కింది. వారానికి మూడు చోట్లకి వెళ్ళేవాడిని. ట్రాఫిక్ మీద జోకులు, ఇంగ్లీషు మీడియం మీద జోకులు, పెళ్ళిచూపుల మీద జోకులు. అప్పటికి నాకు పెళ్ళిచూపులు కాలేదు, కారూ లేదు, ఇంగ్లీషూ అంతంత మాత్రమే.

అక్కడ మా అందరికీ గురువులాంటి ఒక సీనియర్ ఉండేవాడు. తెలంగాణ మనిషి, గొంతు పెద్దది, మనసూ పెద్దదే. ఒకరోజు షో అయ్యాక నన్ను పక్కకి పిలిచి, "ఏందిరా నువ్వు, ఎవరి లైఫో చెప్తున్నవ్? లీడర్ల మీద ఏస్తే కేసు పెడ్తరు. హీరోల మీద ఏస్తే తంతరు. ఇంట్లోల్ల మీద ఎయ్యి. అమ్మ మీద ఎయ్యి. అమ్మ కేసు పెట్టదు" అన్నాడు. నాకు జ్ఞానోదయమైంది. అంతకు మించిన న్యాయ సలహా ఏ లాయరూ ఇవ్వలేడనుకున్నాను.

ఆ వారమే అమ్మ మీద ఐదు నిమిషాలు రాసుకున్నాను. రాయడానికి ఏముంది, అమ్మ అన్న మాటలన్నీ గుర్తు తెచ్చుకుని నావిగా చెప్పేశాను. జనం విరగబడి నవ్వారు. నెల తిరిగేసరికి ఐదు నిమిషాలు పదిహేనైంది. అమ్మ మాటలు అయిపోయాయి. సరిగ్గా అక్కడే నాకు నోటి దురద పుట్టింది. కెమెరా పెట్టి రికార్డు చేసే పెద్ద షో ఒకటి వచ్చింది. ఆఖర్న ఒక గట్టి ముక్క కావాలి. లేనిది కల్పించాను.

ఇలస వరదకి ఎదురీది పులసవుతుందని జనానికి వివరించి, ఇలా అన్నాను: "అంత దూరం ఈదడమంటే పాపం కష్టం కదండీ? మా అమ్మది జాలిగుండె. లారీలో వచ్చిన ఇలస మీద గోదారి నీళ్ళు రెండు చెంబులు పోస్తుంది. ఆధార్ కార్డులో అడ్రసు మారిపోతుంది. పొద్దున ఇలస, మధ్యాహ్నానికి పులస. కొన్నాయన ఇంటికెళ్ళి కళ్ళు మూసుకుని, 'ఆహా, అసలైన గోదారి రుచి!' అంటాడు. నిజమేనండీ. ఆ రెండు చెంబులూ గోదారివే."

అంత నవ్వు నా జన్మలో వినలేదు. వేదిక దిగుతుంటే గురువుగారు కౌగిలించుకుని "ఇగ నువ్వు సెట్ అయినవ్ రా" అన్నాడు. నిజంగానే సెట్ అయ్యాను. వీడియో శ్రావణమాసంలో బయటికొచ్చింది. అంటే సరిగ్గా పులస సీజన్లో. మా జిల్లాల్లో చేప మొహం చూసిన ప్రతివాడి ఫోన్లోకీ నా మొహం చేరింది. రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు ఎత్తేవాళ్ళు కూడా చూసి నవ్వుకుంటున్నారని మా క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. ఎగిరి గంతేశాను. ఒకవైపు రావులపాలెం చూస్తోందని మురిసిపోతున్నవాడికి, దానికి ఇవతల ఉన్న ధవళేశ్వరం కూడా చూస్తుందన్న ఆలోచన రాలేదంటే నా తెలివితేటలు మీరే చూడండి.

అమ్మది బటన్ల ఫోను. అందులో వీడియోలు రావు. అందుకే ఏం జరిగిందో అందరికన్నా ఆఖర్న తెలిసింది ఆమెకే. పది రోజుల తర్వాత ఒక పొద్దున్నే ఫోన్ చేసింది. నేను ఆఫీసులో ఉన్నాను.

"ఒరే నాన్నా, నా మీద ఏదో సెప్పావంట కదా. ఏం సెప్పావు?"

"ఏం లేదమ్మా. జోకు."

"అదే, ఆ జోకే సెప్పు. అందరూ ఇన్నారు, నేనొక్కదాన్నే ఇన్లేదు."

మెట్ల మీదకి వెళ్ళి చెప్పాను. తమ్ముళ్ళూ, నేను ఖాళీ కుర్చీల ముందు చేశాను, తాగినవాళ్ళ ముందు చేశాను, పుట్టినరోజు కేకు కోస్తుంటే పక్కన నిలబడి చేశాను. అంత కష్టమైన షో మాత్రం ఎప్పుడూ చేయలేదు. రెండు చెంబుల దగ్గరికొచ్చేసరికి ఫోన్ పెట్టేద్దామనిపించింది. అయినా పూర్తి చేశాను.

"బానే ఉందిరా. నవ్వొచ్చేలాగే ఉంది" అంది అమ్మ. తర్వాత, "నిన్న పులస పడింది. ముగ్గురొచ్చారు. ముగ్గురూ మొప్ప ఎత్తి సూసి ఎల్లిపోయారు. ఎందుకో తెలీక అడుగుతున్నాను" అని పెట్టేసింది. తిట్టలేదు. తిడితే నేను కాస్త తేరుకునేవాణ్ణేమో.

ఆ చేపని ముందురోజు సాయంత్రమే పిన్ని కొని, తన బుట్టలోంచి పులసగానే అమ్మిందని తర్వాత తెలిసింది. ఆమె బుట్టలో ఆ సీజన్‌కి అదొక్కటే అసలైనది. దాన్ని మాత్రం ఎవరూ అనుమానించలేదట.

దిద్దుబాటు చర్యలు మొదలుపెట్టాను. మొదట వీడియో తీయించేశాను. అప్పటికే అది ఊళ్ళవారీ గ్రూపులన్నిటికీ ఎక్కేసింది. తర్వాత "అదంతా కల్పితం, మా అమ్మ అలాంటిది కాదు" అని కెమెరా ముందు చేతులు కట్టుకుని ఇంకో వీడియో పెట్టాను. దాన్ని చూసినవాళ్ళలో సగం మంది మా బంధువులు. మిగతావాళ్ళు కింద "ఇది ఇంకా బావుంది బ్రో" అని రాశారు. ఇక లాభం లేదని సెలవు పెట్టి, ఊరికి వస్తూ వస్తూ రాజమండ్రిలో దిగి ఫ్లెక్సీ కొట్టించాను. ఈ భాగం రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆడదు. ఫ్లెక్సీ మీద నేను దణ్ణం పెడుతున్న నిలువెత్తు ఫోటో. ఒక మూలగా చేప. మధ్యలో "ఇచ్చట అసలు సిసలు గోదావరి పులస మాత్రమే అమ్మబడును" అని ఎర్ర అక్షరాలు. చేప కంటే నేను పదింతలున్నాను.

అమ్మ దాన్ని కిందినుంచి పైదాకా చూసింది. ఆమెకి చదువు రాదు. "ఏం రాశావు?" అంది. చదివి వినిపించాను.

"అసలుదే అని రాస్తే నకిలీదని అనుకోరూ? నేనెప్పుడన్నా నా నోటితో అసలుదన్నానా?" అంది. తర్వాత నా బొమ్మకేసి చూసి, "ఈడెవడు, పోయాడా?" అని అడిగింది. పిన్ని పడీ పడీ నవ్వింది. ఆ ఫ్లెక్సీ ఇప్పుడు మా పడవ మీద పరదా. వాన పడితే నాన్న నన్ను కప్పుకుంటాడు.

మూడు రోజులు అమ్మ పక్కన అదే గోనెపట్టా మీద కూర్చున్నాను. ఎడమ బుట్ట బోర్లించే ఉంది. కుడి బుట్టలో ఇలస కూడా కదల్లేదు. ఇలసని ఇలసే అని చెప్పి అమ్ముతున్నా, అది ఏ రొయ్యో అన్నట్టు అనుమానంగా చూసేవాళ్ళు. ఇలాగే ఇంకో రెండు వారాలు పోతే సీజన్ అయిపోతుంది. మళ్ళీ ఏడాదికి ఎవరు గుర్తు పెట్టుకుని ఫోన్ చేస్తారు? అమ్మకి దుకాణం లేదు, బోర్డు లేదు. ఉన్నదల్లా "పడిందండి" అన్న మాట. ఆ ఒక్కటే నేను పోగొట్టాను. ఆ మూడు రోజులూ ఆమె నాకు అన్నం పెట్టింది, టీ తెప్పించింది, ఎవరితోనూ ఎకసెక్కమాడలేదు. మా అమ్మ మాట తిప్పికొట్టకుండా ఊరుకోవడం నేను చూడ్డం అదే మొదటిసారి. భయమేసింది.

నాలుగో రోజు ఆదివారం. తెల్లారేసరికి నాన్న వేట నుంచి వచ్చి, తువ్వాల్లో చుట్టిన చేపని మాట్లాడకుండా అమ్మ చేతిలో పెట్టాడు. నిండు పులస. ఒంటి మీద బంగారు నీరు పోసినట్టుంది. అమ్మ ఎడమ బుట్ట తిరగేసింది.

ఎవరూ ఫోన్ చేసి అడగలేదు. అయినా ఎనిమిదింటికి మాస్టారు వచ్చారు. ఆయన హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పారు, రిటైరై చాలా ఏళ్ళయింది. జంగారెడ్డిగూడెంలో ఆయన వియ్యంకుడికి పామాయిల్ తోటలున్నాయి. ప్రతి ఏడూ అమ్మ దగ్గర తీసుకున్న మొదటి పులస కూరై, క్యారేజీలో, బస్సులో ఆ మెట్ట ప్రాంతానికి వెళ్ళవలసిందే. వియ్యంకుడికి ఇలస కూర పంపారన్న మాట పుడితే మాస్టారు తలెత్తుకోలేరు. అది నాకు తెలుసు, అమ్మకీ తెలుసు.

ఆయన నన్ను చూసి చూడనట్టు తల పంకించారు. బుట్ట ముందు నిలబడ్డారు. ఎప్పుడూ రాగానే సంచీ తెరిచి పట్టుకునే మనిషి, ఆవేళ సంచీ చంకలోనే ఉంచుకున్నారు. వంగారు. చూపుడువేలు చాపి, నెమ్మదిగా, ఏదో తప్పు చేస్తున్నట్టు, మొప్ప ఎత్తి చూశారు.

నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ మొహం చూడలేకపోయాను. లేచి ఐసు పెట్టె మీదకెక్కి, "అందరూ వినండి! నేను చెప్పింది అబద్ధం! మా అమ్మ ఎప్పుడూ ఎవరికీ ఇలసని పులస అని అమ్మలేదు!" అని అరిచాను.

ఆదివారం కదా, రోడ్డు నిండా జనం. అందరూ ఇటు తిరిగారు. తర్వాత ఎవరో "ఒరేయ్, ఈడేరా ఆధార్ కార్డు!" అన్నాడు. నవ్వులు. బళ్ళు ఆగాయి. ఫోన్లు పైకి లేచాయి. "నిజమండీ, ప్రమాణం చేసి చెబుతున్నాను" అన్నాను. ఇంకా నవ్వారు. "మా అమ్మ నా మూలంగా..." అని మాట మధ్యలో ఆపితే చప్పట్లు కొట్టారు. నేను ఏడుస్తుంటే యాక్టింగ్ అదిరిందన్నారు. ఏ ఊళ్ళోనూ, ఏ వేదిక మీదా అంత రెస్పాన్స్ రాలేదు నాకు.

"దిగరా" అంది అమ్మ.

దిగాను. ఆమె పెట్టె ఎక్కలేదు. ఉన్నచోటే లేచి, కొంగు దోపుకుని నిలబడింది.

"ఇనండి బాబూ. మావోడు సెప్పాడంట, నేను ఇలస మీద రెండు సెంబులు నీళ్ళోసి పులస సేసేత్తానని. నీళ్ళోసినంత మాత్రాన మారిపోద్దేంటండీ? ఆ సంగతి నాకు తెలీదా? ఈడికి నాలుగేళ్ళు ఇంజనీరింగు కాలేజీలో నీళ్ళోశాను. ఇంజనీరయ్యాడా?"

రోడ్డు రోడ్డంతా గొల్లుమంది. పిన్ని బుట్ట మీద వాలిపోయి మరీ నవ్వింది. ఫోన్లు పట్టుకున్నవాళ్ళ చేతులు ఊగిపోయాయి. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ. జోకు కట్టిన పద్ధతి చూస్తే నా ఐదేళ్ళ అనుభవం ఎందుకూ పనికిరాదని తెలిసిపోయింది.

అమ్మ మాత్రం నవ్వలేదు. నవ్వులు తగ్గేదాకా ఆగి, మాస్టారి వైపు తిరిగి, గొంతు తగ్గించి అంది. "మాస్టారండీ, ఈ సేప మీకు నేనమ్మనండి."

"అదేంటమ్మా? బావుంది కదా. ఎర్రగానే ఉంది" అన్నారు మాస్టారు కంగారుగా.

"ఎర్రగా ఉందని అట్టుకెళ్తే అది మొప్పని నమ్మినట్టండి. నేనమ్మేది మొప్ప కాదు కదా." ఆ మాట అని చేపని తువ్వాల్లో చుట్టేసి, నా చేతికిచ్చి, ఎడమ బుట్ట బోర్లించేసింది.

ఆ చేప ఎంతమందికి ఆశో మా జిల్లాల వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా ఇంట్లో పులస వండగా నేను ఎప్పుడూ చూడలేదు. పట్టేవాళ్ళం, అమ్మేవాళ్ళం, తినేవాళ్ళం కాదు. ఆ మధ్యాహ్నం అమ్మ మట్టిదాక కడిగి, బెండకాయలూ పచ్చిమిరపకాయలూ వేసి, చింతపండు పులుసు పోసి, సన్నటి సెగ మీద గంటల తరబడి ఉడికించింది. దించే ముందు వెన్న వేసింది. ఆ పులుసు మర్నాటికి గానీ రుచికి రాదు. మర్నాడు పొద్దున గిన్నెలో ముక్కలు పెట్టి, మూత పెట్టి, గుడ్డ కట్టి, "మాస్టారికిచ్చి రా. ఏం మాట్లాడకు. నువ్వు మాట్లాడితే జనం నవ్వుతున్నారు" అంది.

మాస్టారు వరండాలో కూర్చుని గిన్నె మూత తీశారు. చెంచా అడగలేదు. ఒక ముక్క తుంచుకుని, ముళ్ళు తీసుకుంటూ, నిదానంగా తిన్నారు. నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను, లెక్క తప్పు చేసినప్పుడు నిలబడ్డట్టే.

"మీ అమ్మకి చెప్పు. నాది తప్పయిందని" అన్నారు.

"మీదేం లేదండీ. అంతా నేను..."

"నువ్వు సరేలేరా. నోటికొచ్చింది చెప్పడం నీ ఉద్యోగం. ఇరవై ఏళ్ళు తిన్న నాలుక నాది. ఫోన్లో రెండు నిమిషాలు చూసి దాన్ని కాదనుకున్నాను." లేచి, చెంబుతో నీళ్ళు పోసుకుని చెయ్యి కడుక్కున్నారు.

మా ఇంట్లోనూ ఆ మధ్యాహ్నం అదే కూరతో భోంచేశాం. నాన్న చివరిదాకా తిని, "బెండకాయలు ఇంకో రెండు పడాల్సింది" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారం మీద ఆయన వెలిబుచ్చిన అభిప్రాయం అదొక్కటే.

అమ్మ మాటలు కూడా వీడియో అయి పాకాయి. నా దానికన్నా ఎక్కువ పాకాయి, ఒప్పుకుంటున్నాను. ఫోన్లు మళ్ళీ రావడం మొదలెట్టాయి. సీజన్ చివరి రెండు వారాల్లో ఎడమ బుట్టలో పడ్డ చేప పడ్డట్టే వెళ్ళిపోయింది. హైదరాబాద్‌లో షోలు పెట్టేవాళ్ళు నాకు ఫోన్ చేసి, "ఈసారి మీ అమ్మగారిని కూడా తీసుకురండి సార్. వీలు కాకపోతే ఆవిణ్ణి ఒక్కరినే పంపినా ఫరవాలేదు" అన్నారు. అమ్మని అడిగాను. "నాకు పనుంది" అంది.

నేను ఇంకో ఆరేడు షోలు చేశాను. ప్రతిచోటా ఇంట్లోవాళ్ళ మీద ఏదో ఒకటి కల్పించి చెప్పబోయే సరికి మాస్టారి చూపుడువేలు కళ్ళముందుకొచ్చేది. మాట తడబడేది. ఈ పనిలో అర సెకను ఆలస్యమైతే జోకు చచ్చిపోతుంది. నావి వరసగా చచ్చాయి. గురువుగారు జాలిపడి, "కొన్ని దినాలు రెస్ట్ తీస్కోరా" అన్నాడు. ఆ రెస్టే నా రిటైర్మెంట్. ఇప్పుడు పత్రికలకి హాస్యం రాస్తున్నాను, వేరేవాళ్ళకి మాటలు రాసిపెడుతున్నాను. రాతలో ఒక సుఖం ఉంది, ఎవరూ నవ్వకపోయినా మనకి తెలియదు.

ఇంతవరకే చెప్పి ఆపేస్తే కథ సుఖాంతం. కాఫీ హోటల్ మేడ మీద అడిగిన ఆ అమ్మాయికి నేను చెప్పలేకపోయింది మిగతా ముక్క.

ఆ ఆదివారం తర్వాత మళ్ళీ పులస పడినప్పుడు మాస్టారే మొదట వచ్చారు. దూరంనుంచే సంచీ తెరిచి పట్టుకుని, మొహం గోదారి వైపు తిప్పుకుని నిలబడ్డారు. అమ్మ చేపని తీసి, సంచీలో వేయబోతూ ఆగింది. తనే బొటనవేలితో మొప్ప ఎత్తి చూపించింది.

"వద్దమ్మా. చూపించకు" అన్నారు మాస్టారు.

"సూడండి మాస్టారూ. సూస్తే పోయేదేముంది" అంది.

అప్పట్నుంచీ ఎవరొచ్చినా, అడిగినా అడక్కపోయినా, ఎత్తి చూపించే ఇస్తోంది. కొత్తవాళ్ళు అది ఆవిడ నిజాయితీ అని మెచ్చుకుంటారు. పాతవాళ్ళు తల తిప్పుకుంటారు.

పోయిన శ్రావణంలో ఇంటికెళ్ళాను. కూరకని అమ్మ బజారు నుంచి మామూలు చేపే తెచ్చింది, గండిచేప. నేను పెరట్లో కత్తిపీట వేసుకుని కూర్చున్నాను. అమ్మ నా చేతికివ్వబోతూ, మనసెక్కడో పెట్టుకుని, బొటనవేలితో మొప్ప ఎత్తి నాకు చూపించింది.

"ఎర్రగా ఉంది, సూశావా?" అంది.

"చూశానమ్మా" అన్నాను.